పెంటకుప్ప చరిత్ర

నా చిన్ననాట మా ఊరిలో ప్రతి ఇంటి పెరటిలోనూ, పశువుల కొట్టానికి కాస్త దూరంగా, ఒక పెంటకుప్ప ఉండేది. వేకువనే లేచి వాకిలి ఊడ్చిన కసవు, కొట్టంలో ఎత్తిన పేడ, పశువులు తినక మిగిల్చిన గడ్డి, పొయ్యిలోని బూడిద, రాలిన ఆకులు, అన్నీ గంపలకెత్తి దానిమీద పోసేవారు. కూరగాయల తొక్కులు, బియ్యం కడిగిన నీళ్లు మాత్రం అక్కడికి పోయేవి కావు. అవి కుడితి గాబులోనికి పోయి, పశువు కడుపు గుండా మరునాటికి పేడగా మారి, ఆ కుప్పకే చేరేవి. ఇంటిలో పారవేయవలసిన వస్తువు అంటూ ఒకటి ఉండవచ్చునని మాకు తెలియదు. వేసవిలో తొలకరికి ముందు బండ్లు కట్టి ఆ కుప్పను పొలానికి తోలేవారు. పెంటకూ పంటకూ మన భాషలో ఒక్క గుణింతమే తేడా. మా ఊరివారికి ఆ తేడా కూడా ఉన్నట్లు తోచేది కాదు.

తరువాత మేము పట్టణానికి వచ్చినాము. కొన్నేండ్లకు మా అమ్మ కూడా మా వద్దకు వచ్చినది. వచ్చిన మొదటి ఉదయమే, వంకాయ తొడిమలూ బీరకాయ చెక్కూ చాటలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, “నాయనా, ఈ తొక్కు ఎక్కడ వెయ్యను?” అని అడిగినది. సంచిలో వేసి ముడి వేయుమనీ, బండి వచ్చి తీసుకుపోవుననీ చెప్పినాను. “తీసుకుపోయి ఏ పొలంలో వేస్తారు?” అని ఆమె మళ్లీ అడిగినది. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయినది. నేటి ప్రసంగానికి ఆ ప్రశ్నయే మూలం.

కుళ్లిన పదార్థం నేలకు ఆహారమన్న సంగతి మన దేశానికి కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో పేడ మొదలైన ఎరువుల ప్రసక్తి ఉన్నది. కృషిపరాశరమనే సంస్కృత గ్రంథం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఎరువు తయారుచేసే కాలాన్ని కూడా నిర్దేశించినది. మాఘమాసంలో పేడకుప్పకు పూజచేసి, పారతో త్రవ్వి ఎత్తి, ఎండలో ఆరబెట్టి, పొడిచేసి, ఫాల్గుణంలో పొలంలోనే గుంటలు తీసి పూడ్చి, విత్తే వేళకు పైకి తీయవలెనని ఆ గ్రంథం చెప్పుచున్నది. ఎరువు లేని పైరు పెరుగవచ్చును గాని గింజ పట్టదని దాని సారాంశం. పేడకుప్పకు పూజ ఏమిటని నవ్వబోయే ముందు ఒక సంగతి ఆలోచించవలసి ఉన్నది. ఒక సమాజం దేనిని పూజించినదో దానిని పారవేయదు. దానిని కాపాడే బాధ్యత తనదని ఒప్పుకున్నదన్న మాట.

అయినా కాలక్రమాన మన ఎరువులో పెద్ద భాగం పొలానికి చేరకుండా పోయినది. 1889వ సంవత్సరం చివర జాన్ అగస్టస్ వోల్కర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇంగ్లండు నుండి ఈ దేశానికి వచ్చినాడు. ఇక్కడి వ్యవసాయాన్ని బాగుచేయడానికి సలహా చెప్పుమని ప్రభుత్వం ఆయనను పంపినది. ఏడాదికి పైగా తిరిగి చూచి, 1893లో ప్రచురించిన నివేదికలో ఆయన, మంచి చోట్ల భారతీయ రైతుకు తాము నేర్పవలసినది బహుస్వల్పమని ఒప్పుకున్నాడు. అయితే ఒక్క విషయంలో మాత్రం ఆందోళన వెలిబుచ్చినాడు. పేడ పిడకలై పొయ్యిలోనికి పోవుచున్నది. రైతు తెలియక చేయుచున్న పని కాదిది; వంటచెరకు దొరకక చేయుచున్న పని. కాబట్టి పిడకలు చేయవద్దని రైతుకు నీతి చెప్పడం కాదు, కట్టెల కోసం అడవులు పెంచి ఇవ్వవలసినదని ఆయన సూచించినాడు. ఒక దురలవాటు వెనుక ఉన్న కారణాన్ని చూడగలిగిన పరిశీలన అది.

ఇదే కాలానికి కాస్త తరువాత, 1909లో, అమెరికా దేశపు మృత్తికా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్లిన్ కింగ్ చైనా, కొరియా, జపాను దేశాలు తిరిగినాడు. నాలుగువేల ఏండ్లుగా దున్నిన నేల ఇంకా అంతమందికి తిండి పెట్టడం ఎట్లా సాధ్యమైనదో తెలుసుకోవాలని ఆయన కుతూహలం. కాలువలలోని బురద, పైరు కోసిన తరువాత మిగిలిన మోళ్లు, ఇంటి చెత్త, మనుష్యుల, పశువుల మలమూత్రాదులు, అన్నింటినీ అక్కడి రైతులు పొరలు పొరలుగా పేర్చి, తడిపి, మాగబెట్టి తిరిగి నేలకు ఇచ్చివేయడం ఆయన కళ్లారా చూచినాడు. ఆ విషయాలు గ్రంథస్థం చేసి, అది అచ్చయి వెలువడక ముందే 1911లో మరణించినాడు. భార్య దానిని ప్రకటించినది. ఆ గ్రంథం తరువాత భారతదేశంలో ఒక వ్యక్తి చేతిలో పడి ఫలించినది.

ఆ వ్యక్తి ఆల్బర్టు హోవర్డు. 1873లో ఇంగ్లండులోని ష్రాప్‌షైరులో ఒక రైతు ఇంట పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, 1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయానికి ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చినాడు. అంతకుముందు వెస్టిండీసులో శిలీంధ్ర వ్యాధుల నిపుణుడుగా పనిచేసినాడు గాని, తాను చెప్పిన మందు తానే స్వయంగా వేసి చూచుకోవడానికి ఒక్క చెక్క పొలమైనా లేదన్న కొరత ఆయనను వెంటాడినది. పూసాలో ఆయనకు 75 ఎకరాల పొలం దక్కినది. ఆయన భార్య గాబ్రియెల్ కూడా పేరుపొందిన వృక్షశాస్త్రజ్ఞురాలు. ఈ దంపతులు కలిసి మేలైన గోధుమ వంగడాలను రూపొందించి ఈ దేశానికి ఇచ్చినారు.

అయితే మన కథకు ముఖ్యమైనది గోధుమ కాదు. పూసా చుట్టుపట్ల గ్రామాలలోని పైరులకు చీడపీడలు తక్కువగా ఉండడం హోవర్డు గమనించినాడు. ఆ రైతులు మందులు చల్లరు. కొన్న ఎరువు వేయరు. ఐదేండ్లపాటు వారి సేద్యాన్ని శ్రద్ధగా పరిశీలించి, వారు చేసినట్లే చేయడం ఆయన నేర్చుకున్నాడు. ఆ రైతులనూ, పైరును పట్టిన పురుగునూ తన ఆచార్యులుగా చెప్పుకున్నాడు. సర్కారు కొలువులో ఉన్న ఒక శాస్త్రజ్ఞుడు ఆనాడు ఈ దేశపు రైతును గురువుగా చెప్పుకోవడం చిన్న విషయం కాదు.

పూసాలో శాఖకూ శాఖకూ మధ్య గోడలు. పైరు ఒకరిది, పురుగు ఒకరిది, నేల ఇంకొకరిది. ఈ పద్ధతితో విసిగి, అన్నింటినీ ఒకటిగా చూచే సంస్థ కావాలని హోవర్డు పట్టుబట్టినాడు. అట్లా 1924లో ఇందూరు సంస్థానంలో, హోల్కరు ప్రభువులు ఇచ్చిన భూమిలో, వృక్షపరిశ్రమ సంస్థ ఏర్పడినది. ప్రధానంగా ప్రత్తి పంట కోసం పుట్టిన సంస్థ అది. కాని ప్రత్తికి ముందు నేల బాగుపడవలెను. నేలకు ఎరువు కావలెను. ఎరువుకు డబ్బు లేదు. ఈ చిక్కుముడి నుండి పుట్టినదే ఇందూరు పద్ధతి. ఇంగ్లండులో అంతకు మునుపే, 1921 ప్రాంతాన, రొథామ్‌స్టెడ్ పరిశోధనాలయంలో గడ్డిని పశువుల అవసరం లేకుండా ఎరువుగా మార్చే రసాయనిక పొడి ఒకటి కనిపెట్టి, దానికి పేటెంటు తీసుకున్నారు. దానిని కొనవలెను. ఇందూరు పద్ధతిలో రైతు కొనవలసినది ఏదీ లేదు. తేడా అంతా అక్కడ ఉన్నది.

ఆ పద్ధతిని కాస్త వివరంగా చెప్పుకుందాము. 30 అడుగుల పొడుగు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుగల గుంట. ఎండుటాకులు, కలుపు, చెరకు ఆకు, ఊక, ఏది దొరికితే అది ముందు పశువుల క్రింద పరచుటకు వాడుతారు. ప్రత్తికట్టె, కందికట్టె వంటి గట్టివాటిని బండ్లు నడిచే బాటలో పరుస్తారు. చక్రాల క్రింద నలిగి అవి మెత్తబడుతాయి. నలుగగొట్టే యంత్రం కొనవలసిన అవసరం ఆ విధంగా తప్పినది. పశువుల క్రింద తడిసిన ఆ చెత్తను ఉదయం గుంటలో పలుచని పొరగా వేసి, పైన కొట్టంలోని మూత్రం పీల్చిన మట్టినీ, కట్టెల బూడిదనూ చల్లి, పేడనీళ్లు పోస్తారు. వారం రోజులలో గుంట నిండుతుంది. పదిహేను రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి, వెరసి మూడుసార్లు తిరగవేసి తడుపుతారు. మూడు నెలలకు నల్లని పొడి మట్టివంటి ఎరువు సిద్ధమవుతుంది. వానకాలంలో గుంటలో నీరు నిలుస్తుంది కాబట్టి నేలమీదనే కుప్పగా పేర్చుతారు.

ఇందులో కొత్త ఏమున్నది? మా ఊరి పెంటకుప్పలో ఉన్న వస్తువులే ఇందులోనూ ఉన్నవి. కాని పెంటకుప్ప ఎండకు ఎండి, వానకు తడిసి, దాని సారంలో చాలా భాగం గాలిలోనికీ కాలువలోనికీ పోయేది. ఇందూరులో జరిగినది ఏమనగా, రైతు ఎరిగిన పనికి రసాయన శాస్త్రం లెక్క చూపినది. హోవర్డుతోపాటు అక్కడ పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు యశవంత్ వాడ్ ఈ లెక్క కట్టడంలో సమభాగస్వామి. చెత్తలో కర్బనం 33 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉంటే మాగుడు చక్కగా మొదలవుతుంది. పూర్తయ్యేసరికి కర్బనం 10 పాళ్లకు తగ్గుతుంది. ఎండుటాకులో కర్బనం అధికం, పేడలోనూ పచ్చి ఆకులోనూ నత్రజని అధికం. రెంటినీ సరిపాళ్లలో కలపడమే రహస్యం. కలిపి, తడిపి, గాలి ఆడనిస్తే కంటికి కనబడని సూక్ష్మజీవులు పనికి పూనుకుంటాయి. కుప్ప లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కలుపు గింజలు, రోగక్రిములు చాలావరకు నశిస్తాయి. తరువాత వేడి తగ్గి, కొత్త మట్టి వాసన పుడుతుంది.

1931లో హోవర్డు, వాడ్ ఇద్దరి పేర్లమీద ఈ పద్ధతిని వివరించే గ్రంథం ఇంగ్లండులో వెలువడినది. అప్పటికి గాబ్రియెల్ మరణించి ఒక ఏడాది అయినది. హోవర్డు కూడా ఆ సంవత్సరమే ఈ దేశం విడిచి వెళ్లినాడు. ఆయనకు 1934లో సర్ బిరుదు, 1940లో మరొక ప్రసిద్ధ గ్రంథంతో లోకఖ్యాతి లభించినవి. ఆ గ్రంథాల ప్రభావంతో అమెరికాలో 1942లో సేంద్రియ వ్యవసాయానికి ఒక పత్రిక వెలసినది. ఇంగ్లండులో 1946లో నేల కోసమే ఒక సంఘం ఏర్పడినది. నేడు పెద్ద అంగళ్లలో హెచ్చు ధరకు అమ్మే ‘ఆర్గానిక్’ అన్న మాట వెనుక ఇందూరు గుంటలూ, పూసా రైతులూ ఉన్నారు. మన పెరటి నుండి పోయిన విద్య సముద్రం దాటి, పేరు మార్చుకుని, వెల కట్టించుకుని తిరిగి వచ్చినది.

పల్లెకు ఇందూరు దారి చూపితే, పట్టణానికి బెంగుళూరు చూపినది. 1939లో అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య పట్టణపు చెత్తనూ మలాన్నీ గుంటలలో పొరలుగా పేర్చి, పైన మట్టితో మెత్తి, తిరగవేయకుండానే ఆరు ఎనిమిది నెలలలో ఎరువు చేసే పద్ధతిని రూపొందించినారు. కాలం ఎక్కువ పట్టినా కూలి ఖర్చు తక్కువ. యుద్ధకాలంలో తిండి కొరత ఏర్పడినప్పుడు అనేక పురపాలక సంఘాలు ఈ పనికి పూనుకున్నవి.

స్వాతంత్ర్యం వచ్చిన నాలుగు నెలలకు, 1947 డిసెంబరులో, ఢిల్లీలో అఖిలభారత కంపోస్టు మహాసభ జరిగినది. దాని వెనుక మీరాబెన్ సంకల్పం ఉన్నది. అధ్యక్షత వహించినవారు బాబూ రాజేంద్రప్రసాద్. దేశవిభజన గాయాలు పచ్చిగా ఉన్న ఆ రోజులలో, కాందిశీకుల శిబిరాల మధ్య, పెద్దలు కూర్చుండి చెత్త గూర్చి ఆలోచించినారు. గాంధీమహాత్ముడు హరిజన పత్రికలో ఆ సభ తీర్మానాలను గూర్చి వ్రాసి, అవి కాగితం మీద మిగిలిపోరాదని హెచ్చరించినారు. హోవర్డు ఆ సంవత్సరమే అక్టోబరులో కన్నుమూసినాడు. ఆ సభను గూర్చి వినే భాగ్యం ఆయనకు లేకపోయినది.

గాంధీజీ భయపడినంతా జరిగినదనలేము, జరుగలేదనీ అనలేము. తరువాతి దశాబ్దాలలో రసాయనిక ఎరువులు వచ్చినవి. వాటిని నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. పశువుల ఎరువులో నూటికి అర పాలు మాత్రమే. ఆకలితో ఉన్న దేశం ఏ బస్తాను ముందు అందుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ బస్తా అనేక కోట్లమందికి అన్నం పెట్టినది. కాని కంపోస్టు చేసే పని యూరియా చేయలేదు. మాగిన ఎరువు నేలను గుల్లచేస్తుంది. వాన నీటిని స్పంజివలె పట్టి ఉంచుతుంది. వానపాములకూ సూక్ష్మజీవులకూ నివాసమవుతుంది. ఒకటి పైరుకు ఆహారం, రెండవది నేలకు ఆహారం. మొదటిది దొరికినది గదా అని రెండవదానిని మరచినాము. తప్పు అక్కడ జరిగినది.

మరచినదానికి పట్టణాలు మూల్యం చెల్లించుచున్నవి. మన పట్టణాల చెత్తలో సుమారు సగం కుళ్లే పదార్థమే. అది ప్లాస్టిక్కుతో, గాజుతో కలిసి ఊరి బయట గుట్టలుగా పేరుకుంటే, లోపల గాలి ఆడక మీథేన్ వాయువు పుడుతుంది. అది నిప్పంటుకుంటే పొగ, వానపడితే నల్లని ఊట. ఆ ఊట బావులలోనికి దిగుతుంది. గుట్ట ప్రక్కన నివసించేవారు ఎవరు? మన సంచి ముడి విప్పి చేతులతో ఏరుకునేవారు ఎవరు? బండి మన వీధి మలుపు తిరగగానే మనకు ఆ ప్రశ్న తీరిపోవుచున్నది. వారికి అక్కడ మొదలగుచున్నది. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి చెత్తను, పొడి చెత్తను, ప్రమాదకరమైన చెత్తను ఇంటివారే వేరుచేయవలెనని విధించినవి. చట్టం కంటె ముందే మేలుకున్న ఊళ్లూ ఉన్నవి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో సూర్యాపేట పురపాలక సంఘం ఇంటింటా తడి, పొడి చెత్తలను వేరుగా సేకరించి, తడి చెత్తను ఎరువు చేసి దేశం దృష్టిని ఆకర్షించినది. ధనిక నగరం కాదది. నలుగురూ ఒక మాటమీద నిలిచిన ఊరు.

ఇక మన ఇంటి సంగతి. ఇందూరు గుంట మన మేడమీద పట్టదు. కాని ఇందూరు సూత్రాలు ఒక మట్టికుండలో పట్టుతాయి. ప్రక్కలకూ అడుగుకూ చిన్న చిల్లులు ఉన్న రెండు కుండలో, పాత బక్కెట్లో చాలును. అడుగున ఎండుటాకులు పరచి, ఒక గుప్పెడు పాత ఎరువుగాని పెరుగుమట్టివలె తోడుగా పనిచేసే తోటమట్టిగాని చల్లవలెను. ఏనాటి కూరగాయల తొక్కులు ఆనాడు ముక్కలుచేసి వేసి, దానికి రెండు మూడింతలు ఎండుటాకులతో కప్పవలెను. ఎండుటాకులు దొరకనిచోట కొబ్బరిపీచు పొట్టు, రంపపు పొట్టు పనికివస్తాయి. నూనె ఓడే కూరలు, మాంసం, ఎముకలు వేయరాదు. తడి ఎంత ఉండవలెనంటే, పిడికిట పట్టి పిండితే చేయి తడి కావలెను గాని నీరు కారరాదు. వారానికి ఒకసారి కలియబెట్టవలెను. దుర్వాసన వచ్చినదంటే గాలి చాలలేదని అర్థం. కలియబెట్టి పొడి ఆకులు వేస్తే పోతుంది. ఏ మార్పూ లేక అట్లాగే ఉన్నదంటే తడి చాలలేదని అర్థం. ఒక కుండ నిండితే రెండవది మొదలుపెట్టి, మొదటిదానిని మాగనివ్వవలెను. మూడు నెలలు ఓపిక పట్టవలెను. హోవర్డుకు పట్టినది కూడా అంతే కాలం.

కాలు కదపకుండా లోకాన్ని ఉద్ధరించే ఉపాయంగా దీనిని నేను చెప్పడం లేదు. ఒక ఇంటి కుండ ఊరి గుట్టను కరిగించదు. కాని తడి చెత్త ఇంట్లోనే ఆగిపోతే, మిగిలిన కాగితం, సీసా, రేకు శుభ్రంగా ఉంటాయి. ఏరుకునేవాని చేతికి కుళ్లు అంటదు. వానికి నాలుగు డబ్బులు ఎక్కువ దొరుకుతాయి. బండి బరువు సగం తగ్గుతుంది. మేడమీది కరివేప మొక్కకు ఎరువు కొనవలసిన పని తప్పుతుంది. వీటన్నింటికన్నా, తిన్న నేలకు తిరిగి ఇవ్వవలసినది ఒకటి ఉన్నదన్న సంగతి ఇంటిలోని పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది.

మా ఇంటి మేడమీద రెండు కుండలు పెట్టించినది మా అమ్మయే. మొదటిసారి నేను తడి ఎక్కువచేసి పాడుచేసినాను. ప్రక్కింటివారు వాసన వస్తున్నదని అన్నారు కూడాను. ఆమె ఏమీ అనక, క్రిందికి దిగి వీధిలోని కానుగచెట్టు క్రింద రాలిన ఆకులు ఒక గంపెడు ఏరి తెచ్చి కలియబెట్టినది. మూడు నెలల తరువాత ఒక ఉదయం కుండలోనుండి పిడికెడు తీసి, వాసన చూచి, నా చేతిలో పోసినది. తడిసిన నేల వాసన. మా పెరటి వాసన. “ఇప్పుడు చెప్పు, ఏ పొలంలో వేస్తావు?” అన్నది.

శ్రోతలారా, రేపు ఉదయం చెత్తసంచికి ముడి వేయబోయేముందు ఒక్క నిమిషం ఆగి, ఆ ప్రశ్నను మీరు కూడా వేసుకొనవలసినదిగా కోరుచున్నాను. పరాశర గ్రంథం నుండి ఇందూరు గుంటల వరకు నడచివచ్చిన ఒక విద్య మన చేతిలోనికి వచ్చి ఆగి ఉన్నది. దానిని ముందుకు నడిపించడానికి కావలసినవి రెండు కుండలు, గుప్పెడు ఆకులు, మూడు నెలల ఓర్పు.